పొట్టు తీయని రొయ్యలు

"చేతులు కడుక్కున్నవా? జెర దూరం జరుగు, కంపు కొడుతున్నయ్."

రిచర్డ్ పేపరులోంచి తలెత్తకుండానే అన్నాడు. ప్రేమమణి కడుక్కునే వచ్చింది. సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో ఇంకోసారి. రొయ్యల వాసన అంత తేలిగ్గా పోయేదైతే ఇంత కథ ఎందుకు?

ఆ రొయ్యలు మనుషులు తినడానికి కాదు. మారేడ్‌పల్లిలోని ఆ ఇరుకు వాటాలో, టీవీ పక్కన, రిచర్డ్ ముచ్చటపడి పెట్టించిన ఉప్పునీళ్ల అక్వేరియంలో ఒక పఫర్ చేప ఉంది. బెదిరితే నీళ్లు మింగి బంతిలా ఉబ్బుతుంది. దాని పళ్లు పెరుగుతూనే ఉంటాయి, పొట్టు తీయని రొయ్యల్ని కొరికితేనే అరుగుతాయి. ఈ సంగతి షాపువాడు రిచర్డ్‌కే చెప్పాడు. గుర్తుపెట్టుకున్నది మాత్రం ప్రేమమణి. నీళ్లలో ఉప్పు కలిపేది, బకెట్లు మోసేది, ఎండాకాలం కరెంటు పోయి పంపు ఆగితే చేపకు ఊపిరాడదని మగ్గుతో నీళ్లు ఎత్తిపోసేది, అన్నీ ఆమే. అడుగున పేరుకున్న మురికిని పైపు నోట్లో పెట్టుకుని లాగబోతే ఒకసారి ఆ నీళ్లు గొంతులోకి పోయాయి. రిచర్డ్ పడీపడీ నవ్వాడు. స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతూ ఉన్నా ఆ చేదు గుర్తొచ్చి మధ్యలో ఆపి నోరు పుక్కిలించి వచ్చేది.

"మగోనికి ఏదో ఒక షోకుంటది. తాగుతలేడు, పత్తాలాడుతలేడు. షుకర్ చెయ్యి," అంటుంది అత్త రోసమ్మ. తాగని మొగుడు దొరికాడని దేవుడికి ఎన్నాళ్లు కృతజ్ఞతలు చెప్పుకోవాలో ఆవిడే చెప్పాలి.

ఆ ఆదివారం సాయంత్రం చర్చి సంఘం వాళ్లు ఇంటికి ప్రార్థనకు వస్తున్నారు. పొద్దున్నే రిచర్డ్ హుకుం జారీ చేశాడు.

"ఇయ్యాల రొయ్యలు ముట్టకు, ఇల్లంత వాసనొస్తది. ప్రార్థన అయినంక ఎవ్వరికీ చెయ్యియ్యకు. దూరం నుంచే వందనాలు చెప్పు."

"ఆకలైతే అది పిచ్చిగ తిరుగుతదండీ."

"ఒక్క రోజుకే చస్తదా?"

పాటలయ్యాయి, వాక్యమైంది, ఆమె కాచిన టీ అందరికీ అందింది. రిచర్డ్ లేచి అక్వేరియం అద్దం మీద ఉంగరంతో టకటకా కొట్టాడు.

"దేవుని సృష్టి సూడుండ్రి. పొద్దున లేస్తే నాకు దీని పనే. ప్రేమా, వల తే. బయటికి తీస్తే ఇంకా మంచిగ ఉబ్బుతది."

"గాలి మింగుతదండీ. చస్తది."

"నాకే చెప్తున్నవా? చేప నాది."

సంఘపెద్ద జకర్యా నవ్వాడు. మిగతావాళ్లు టీ కప్పుల్లోకి చూసుకున్నారు. ప్రేమమణికి అసహ్యం వేసింది. మురికి మీద కాదు, కంపు మీద కాదు, గర్వంతో మెరుస్తున్న రిచర్డ్ మొహం మీద. ఇన్నాళ్లూ ఆ మొహం ముడుచుకోకూడదనే కదా తను నిమ్మచెక్కలు అరగదీసింది. వల తేవడానికి ఆమె లేవలేదు.

"వలెందుకు? నన్ను గుర్తుపడ్తది," అంటూ అతను నీళ్లలో వేలు పెట్టాడు. ఆకలి మీదున్న ఆ చేపకు పట్టకారుతో తప్ప ఏదీ అందించకూడదు. చెప్పడానికి ప్రేమమణి నోరు తెరిచింది. చేప తనదన్నాడు కదా. మూసుకుంది.

"అమ్మో!"

వేలి నుంచి రక్తం కారుతోంది. "సూస్కుంట కూసున్నవేందే! గుడ్డ తే!" అంటూ చెయ్యి ఆమె మొహం ముందుకు తెచ్చాడు. అలవాటు కొద్దీ సగం లేచిన మనిషి ఆగిపోయింది.

"జెర దూరం జరుగుండ్రి," అంది నెమ్మదిగా. "కంపు కొడుతున్నయ్."

 ఆమె వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్‌లోంచి ఒక రొయ్య తీసి, పట్టకారుతో పట్టి, అందరి ముందూ చేప నోటికి అందించింది. చేప పొట్టును పటపటా కొరికింది. జకర్యా గొంతు సవరించుకుని ముగింపు ప్రార్థన తొందరగా కానిచ్చాడు.

అందరూ లేచారు. జకర్యా భార్య మేబెల్ దగ్గరికొచ్చింది. వద్దన్నట్టు రిచర్డ్ కళ్లురిమాడు. రొయ్య తీసిన చేతిని కడుక్కోకుండానే ప్రేమమణి ముందుకు చాచింది.

"వందనాలక్కా."

మేబెల్ ఆ చేతిని వెంటనే వదల్లేదు. భర్త వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా ఆయనకు పావురాల షోకమ్మా. నా చేతులు సుత గిట్లనే ఉంటయ్."