మూడు గంటల దూరం

నేను రంగు చేపలు అమ్ముతాను. ఈ వ్యాపారంలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవం, ఊపిరిలో కొలుస్తాం. ప్లాస్టిక్ సంచిలో కాసిని నీళ్లు, పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు. ప్రయాణం చిన్నదైతే సంచికి ముప్పై చేపలు, పెద్దదైతే పన్నెండు. అంతకు మించిన శాస్త్రం నాకు తెలీదు.

సముద్రం అవతలి దుకాణదారు ఒకాయన నూట ఇరవై చేపలు అడిగాడు. బతికి చేరితే ఏడాది పొడుగునా నా దగ్గరే కొంటానన్నాడు. చచ్చినవి చేరితే మా పక్క వీధి వ్యాపారి ఎటూ కాచుక్కూచున్నాడని మర్యాదగా గుర్తుచేశాడు కూడా.

వెంట వెళ్లే పని మా బావమరిదికి ఇచ్చాను. ఇచ్చానంటే, మా ఆవిడ ఇప్పించింది. ఫోన్లో వాడు చూడని సంగతి లేదట. తెల్లవారుజామున నేను షెడ్డుకి వెళ్లేసరికి నాలుగే నాలుగు సంచులు కట్టేసి చేతులు తుడుచుకుంటున్నాడు. లోపల చేపలు రద్దీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

ప్రయాణం ఎంతసేపని అడిగాను. మూడు గంటలని టికెట్ చూపించాడు. ఎక్కేది పదింటికి, దిగేది ఒంటిగంటకి. దూరమెంతంటే, అయిదువేల ఆరువందల కిలోమీటర్లని ఫోన్ చూసి చదివాడు. వాడెక్కేది విమానమా తారాజువ్వా అని నాకు అనుమానమొచ్చింది.

తిరుగు టికెట్ చూశాను. మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి దిగుతాడు. పదకొండు గంటలు.

"పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది బావా. వచ్చేటప్పుడు ఎదురొస్తుంది," అన్నాడు, తనే ఊదినంత ధీమాగా.

నేను మూడూ పదకొండూ కలిపి సగం చేశాను. ఏడు. అక్కడి గడియారాలు మనకంటే నాలుగు గంటలు వెనక. పోయేటప్పుడు మింగిన నాలుగు గంటల్నీ వచ్చేటప్పుడు కక్కుతాయి, అంతే. ముందూ వెనకా దారి, పడిగాపులు, తనిఖీలు కలిపితే ఇంకో ఏడు. మొత్తం పద్నాలుగు.

వాడు ఒప్పుకోలేదు. అచ్చేసిన టికెట్ అబద్ధమాడుతుందా అని వాళ్లక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ తీర్పు ఎటో చెప్పక్కర్లేదు. ఇద్దరితోనూ వాదించకుండా నేను సంచులు విప్పాను. మా ప్యాకింగ్ మనిషీ నేనూ కలిసి నాలుగింటిని పది చేశాం. ఆలస్యమైపోతోందని బావమరిది సణిగాడు. మూడు గంటల ప్రయాణానికి అంత తొందరేమిటన్నాను.

పొద్దుగూకాక ఫోన్ చేశాడు.

"చూశావా బావా, పదింటికి ఎక్కాను, సరిగ్గా ఒంటిగంటకి దిగాను. వాచీ కూడా ఇక్కడి టైముకి తిప్పుకున్నాను."

చేపల మాటేమిటన్నాను. నూట పద్దెనిమిది శుభ్రంగా ఈదుతున్నాయట. దుకాణదారు వచ్చే వారం మళ్లీ పంపమన్నాడట.

"మరి ఆ రెండు?"

"ఏమో బావా, ఎందుకో పోయాయి."

"పాపం, వాచీ తిప్పుకోవడం మర్చిపోయుంటాయి," అన్నాను.