మారెక్క పిలిచిన పేరు

వాలంటీరు బ్యాడ్జీ మెళ్లో వేసుకుంటూ ఈశ్వరి సదస్సు కరపత్రం చూసింది. 'గుమ్మఘట్టలో ఎండిన బోర్లు, వలసపోయే ఆడవాళ్లు.' ఆ పరిశోధన ఆమెది. రెండు ఎండాకాలాలు ఊరూరా తిరిగి చేసింది. కింద మాత్రం ఒకే పేరుంది: ప్రొఫెసర్ కేశవరావు. ఆమె గైడు.

"నీ పేరు యాడే?" అంది పక్కన బ్యాగులు పంచుతున్న లావణ్య.

"నా మెళ్లో ఉండాది. నీళ్ల సీసాలిచ్చే పిల్లకి అంతకన్నా ఎందుకులే."

కేశవరావు వచ్చాడు. ఈశ్వరి అడిగేసింది.

"సార్, పేపర్లో నా పేరు లేదు."

"థీసిస్ మీద నా సంతకం కావాలా, వద్దా? వెళ్లి స్లైడ్లు సిద్ధం చెయ్యి. మధ్యలో ఎవరైనా రైతు గొంతు వినిపించు. నేను ఫీల్డులో తిరిగినట్టుంటుంది."

"సరిహద్దు పల్లె రైతు మారెక్క మాటలు రికార్డు చేసినవి ఉన్నాయి, కన్నడంలో సార్."

"ఇంకా మంచిది."

కేశవరావుది కోస్తా. కన్నడం ముక్క రాదు. ఏం మాట్లాడిందని కూడా అడగలేదు. ఈశ్వరి ఆయన చొక్కాకి కాలర్ మైకు తగిలించి, వేదిక మీదే ఓ పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుంది.

ప్రసంగం సగంలో మారెక్క గొంతు మోగింది. వెనక వరసల్లో నవ్వులు. వేదిక మీద అధ్యక్షుడు శ్రీరంగప్ప, బళ్లారి ఆయన, తలెత్తాడు.

"ఆయమ్మ ఏమంటాంది సార్?"

"బోరు ఎండిందని ఏడుస్తోందండీ. నా చేతులు పట్టుకుని మరీ చెప్పింది."

ఈసారి హాల్లో కన్నడం తెలిసినవాళ్లంతా నవ్వారు.

"కాదప్పా. 'ఈశ్వరీ, మీ సారు కారు దిగడా? అద్దం దించితే మా ఎండ అంటుకుంటాదా? ఆయన్ని ఆడే ఉండనీ, నువ్వొచ్చి మజ్జిగ తాగు' అంటాంది. ఈశ్వరి ఎవరు?"

ఈశ్వరి లేచి నిలబడింది.

కేశవరావు ఆమె వైపు వంగి పళ్లు కొరికాడు. "నా సంతకం సంగతి మర్చిపో. ఈ జన్మలో డాక్టరేటు రాదు నీకు."

కాలర్ మైకు ఆ మాటల్ని చివరి వరస దాకా మోసుకుపోయింది. ఎవరూ నవ్వలేదు. శ్రీరంగప్ప కళ్లజోడు తీశాడు.

"ఈ మాట మేమంతా విన్నాం. రేపు మీ వైస్ ఛాన్సలర్ కూడా వింటాడు. రామ్మా, మిగతాది నువ్వు చెప్పు."

ఈశ్వరి కేశవరావు కాలర్ నుంచి మైకు విప్పింది. తొందరపడలేదు. వక్తలకి టైమైందని చెప్పడానికి బల్ల మీద పెట్టిన గంటని తనే ఒకసారి కొట్టింది.

"మీ టైమైపోయింది సార్."

ఆయన కూర్చునే దాకా చూసి, నీళ్ల సీసా ఒకటి ఆయన చేతికిచ్చింది.