మెడ దగ్గరి కుట్టు

కళాశాల చరిత్ర పుస్తకం ప్రూఫులు పెద్ద డాక్టరమ్మ ఇంట భోజనాల బల్లమీద నాలుగు రోజులుగా పడి ఉన్నాయి. మొదటి నలభై అయిదు పుటలూ ఆమె పంక్తి పంక్తీ చదివింది; అచ్చుతప్పులు దిద్దింది; ఒకచోట తేదీ కూడా సరిచేసింది. నలభై ఆరో పుట దగ్గర కళ్ళజోడు మడిచిపెట్టి లేచిపోయింది. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఆడపిల్లలకే వైద్యం నేర్పే కళాశాల అది. నూరేళ్ళ కిందట ఒక మహాతల్లి, పాత గుర్రపుశాలను కడిగించి, తొమ్మిదిమంది అమ్మాయిలను బల్లలమీద కూర్చోబెట్టి ప్రారంభించింది. ఆమెను ఈనాటికీ అందరూ తొలి డాక్టరమ్మ అంటారు. పురుడు పోయడం నేర్పే బొమ్మలు ఆ రోజుల్లో అంగట్లో దొరికేవి కావు. అందుచేత ఆమె తోలుతో తల్లి నడుమునూ, మందపాటి గుడ్డతో శిశువునూ కుట్టించి, లోపల రంపపు పొట్టు కూరించింది. దానిమీద దుప్పటి కప్పుతారు. విద్యార్థిని దుప్పటి కింద చేయి పోనిచ్చి, బిడ్డ తల ఎటున్నదో, వీపు ఎటున్నదో చెప్పాలి. చూసి చెప్పడం కాదు, తాకి చెప్పాలి. ఆ కళాశాలలో తొలి పాఠం నేటికీ అదే.

నలభై ఆరో పుటలో ఇలా ఉంది: "బిడ్డ మెడకు పేగు చుట్టుకొన్నదేమో వెతకడం విద్యార్థినులకు అలవాటు కావాలని, తొలి డాక్టరమ్మ దూరదృష్టితో ఆ గుడ్డశిశువు మెడచుట్టూ ఒక గట్టి కుట్టు వేయించారు."

కుట్టు మాట నిజమే. దాని మహిమా నిజమే. ఆ బొమ్మతో నేర్చుకొన్నవారు ఎక్కడ పురుడు పోసినా, తల బయటపడీ పడకముందే వారి వేలు మెడచుట్టూ తిరిగి వస్తుంది. "మీ కాలేజీవాళ్ళకు బిడ్డకంటే మెడ ముందు పుడుతుందమ్మా" అని ఇతర ఆసుపత్రులవారు ఆటపట్టించేవారు. అయితే ఆ కుట్టు తొలి డాక్టరమ్మ వేయించింది కాదు. యాభై ఎనిమిదేళ్ళ కిందట, రెండో సంవత్సరం చదువుతున్న పెద్ద డాక్టరమ్మే వేసింది.

ఆ పూట ఎదురుకాళ్ళ కాన్పు అభ్యాసం. తోటివారు భోజనానికి వెళ్ళినా, తనకు పట్టుబడలేదని ఆమె ఒక్కతే గదిలో ఉండిపోయింది. కాళ్ళు వచ్చాయి, నడుము వచ్చింది, భుజాలు వచ్చాయి. తల మాత్రం తోలుగూటిలో ఇరుక్కొన్నది. ఒడుపుగా వంచవలసిన చోట ఆమె లాగింది. పర్రుమన్నది. మొండెం చేతిలోకి వచ్చింది, తల లోపలే ఉన్నది, ఒళ్ళంతా రంపపు పొట్టు.

ముందురోజే నేర్చుకొన్న కుట్టు, వంకరసూది, గాయాలు కుట్టే నల్ల పట్టుదారం. చిరిగిన అంచులు ఒకదానికొకటి అందలేదు. ఒకదానిమీద ఒకటి మడిచి రెండు వరసలు కుట్టింది. మెడచుట్టూ తాడు చుట్టినట్టు ఒక గట్టు తేలింది.

మరునాడు పాఠం చెప్పవలసినది మంత్రసాని. అక్షరం ముక్క రాకపోయినా వేళ్ళతో అన్నీ చదవగల మనిషి. ఆమె బొమ్మను తడిమి, మెడ దగ్గర ఆగింది.

"ఇదేమిటర్రా, కొత్తగా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్టు, ఒక అమ్మాయి చేతులు వెనక్కు దాచుకొన్నది. ఆ నెలలోనే చేరిన ఉపాధ్యాయిని ఒకావిడ ఉత్సాహంగా, "తొలి డాక్టరమ్మగారే పెట్టించి ఉంటారు. పేగు చుట్టుకొంటే ఎలా ఉంటుందో తెలియాలని" అన్నది. తొలి డాక్టరమ్మ కాలం చేసి అప్పటికి పదేళ్ళు. ఆమె కాదనడానికి రాలేదు.

మంత్రసాని ఆ అమ్మాయి చేతులు ముందుకు తీయించి చూసింది. వేళ్ళమీద సూది గుచ్చుకొన్న ఎర్రచుక్కలు రెండు. "ఊఁ, అలాగే కానీ" అని చేతులు వదిలేసింది. ఆపైన, "ఇదిగో పిల్లా, ఇకనుంచి ఈ బొమ్మ బాగోగులు నీవి" అన్నది.

అది శిక్షో దీవెనో అమ్మాయికి తెలియలేదు. ఏటేటా ఆ బొమ్మకు పొట్టు నింపింది, తోలుకు నూనె రాసింది, తానే పాఠం చెప్పే స్థానానికి వచ్చింది. "లాగకండి, బిడ్డను ఎప్పుడూ లాగకండి" అని నలభై ఏళ్ళు చెప్పింది. మెత్తని చేతుల డాక్టరమ్మ అని పేరు తెచ్చుకొన్నది. మంత్రసాని వెళ్ళిపోయింది. ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు. అడగకపోవడం దయ కావచ్చు. చెప్పకపోవడం దయ కాదు. తప్పు చేయని మనిషి లేడని శాస్త్రాలన్నీ ఒప్పుకొన్నవే. ఒప్పుకొన్న తప్పుకే అవి ప్రాయశ్చిత్తం చెప్పాయి. దాచిన తప్పుకు దారి చూపలేదు.

సాయంత్రం కోడలు వచ్చి బల్లమీది కాగితాల వంక చూసింది. కోడలే ఆ కళాశాలకు ప్రిన్సిపాలు. చరిత్ర పుస్తకం భారమూ ఆమెదే.

"అత్తయ్యా, ప్రెస్సువాళ్ళు రేపటికి కావాలంటున్నారు. మీరు నలభై ఆరో పేజీలోనే కాపురం పెట్టారేమిటి?"

"కాపురం కాదమ్మాయ్. అక్కడ గుంట ఉంది. కాలు దిగబడింది."

జరిగినదంతా చెప్పింది. కోడలు కాగితం అంచును వేలితో చుట్టింది.

"మామయ్యగారికి తెలుసా ఇది?"

"ఆయనకు తెలిస్తే ఊరందరికీ తెలిసేది."

కోడలికి నవ్వు వచ్చింది కాని, నిలవలేదు. "పోనీండి అత్తయ్యా. ఆ కుట్టు వల్ల మంచే జరిగింది. ఆ పేరేదో ఆవిడకే ఉండనివ్వండి. కమిటీలో ఆరుగురూ ఆ వాక్యం చదివి కళ్ళు తుడుచుకున్నారు."

"కళ్ళజోళ్ళు తుడుచుకొని ఉంటారు."

"నవ్వులాట కాదు. రేపు మొదటి పాఠం మీది. మెత్తని చేతుల డాక్టరమ్మను చూడాలని పిల్లలు వస్తున్నారు. వాళ్ళ ముందు బొమ్మ మెడ తెంపానంటే మీ పేరేం కావాలి?"

"అదే నా భయం కూడానూ. నాలుగు రోజులుగా తిన్నది ఒంటబట్టడం లేదు." పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పెట్టుకొన్నది. "కానీ నువ్వే చెప్పు. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ తప్పు చెయ్యలేదని ఆ పిల్లలు నమ్మితే, తమ చేతిలో తప్పు జరిగిన రోజున ఏం చేస్తారు? నాలాగే దాస్తారు. నేను దాచింది గుడ్డబొమ్మను. వాళ్ళు వార్డులో దాస్తారు."

కోడలు కాగితాలు సర్ది సంచిలో పెట్టుకొన్నది. "ఆ పేజీ మాత్రం రేపు మధ్యాహ్నం దాకా నా దగ్గర ఉంచుతాను" అన్నది.

మరునాటి ఉదయం అభ్యాసశాల గుమ్మంలోనే స్టోరుకీపరు ఎదురయ్యాడు. పోయినవారం వచ్చిన కొత్త ప్లాస్టిక్ బొమ్మ అతని చేతిలో ఉన్నది.

"చూడండి పెద్దమ్మగారూ, భుజం పగిలిపోయి వచ్చింది. కంపెనీవాడికి ఘాటుగా ఉత్తరం రాశాను. తప్పు వాడిదే, అయినా ఒప్పుకోడు. ఏ కాలంలో ఎవడొప్పుకున్నాడు గనక?"

ఆమె పగులుమీద వేలు నడిపింది. పెట్టెలో దెబ్బ తగిలితే అలా పగలదు. చేయి పట్టి మెలిపెట్టి లాగితే అలా పగులుతుంది.

"ఉత్తరం పోస్టులో వేశావా?"

"ఇప్పుడే వేసొస్తానండీ."

"కాస్త ఆగు నాయనా. పాఠం అయ్యాక వేద్దువుగాని."

నలభైమంది అమ్మాయిలు గుడ్డబొమ్మ చుట్టూ నిలబడ్డారు. పెద్ద డాక్టరమ్మ దుప్పటి కప్పలేదు. బొమ్మను చేతుల్లోకి తీసుకొని, మెడ దగ్గరి నల్లదారం అందరికీ కనబడేలా తిప్పి, ఆ మధ్యాహ్నం కథ మొదలుపెట్టింది. పొట్టు ఒంటిమీద పడటం, అంచులు అందకపోవడం, చేతులు దాచుకోవడం, అన్నీ చెప్పింది. ఏదీ తగ్గించలేదు.

"ఆ కుట్టు ఎంతోమంది బిడ్డలకు మేలు చేసింది. అది దాని అదృష్టం, నా గొప్పతనం కాదు. నేను చేసింది లాగడం, ఆపైన దాచడం. మొదటిది నేర్చుకొనే పిల్ల చేసే తప్పు. రెండోది డాక్టరు చెయ్యకూడని తప్పు."

గుమ్మం దగ్గర నిలబడిన కోడలు సంచిలోంచి ఒక కాగితం తీసి, గోడకు ఆనించి, కలంతో ఒక వరస కొట్టివేసింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి ముందుకు వచ్చింది.

"మేడమ్, కొత్త బొమ్మ పెట్టెలో పగల్లేదండీ. మొన్న ఎవరూ లేనప్పుడు, చేసి చూద్దామని నేనే… చెయ్యి పట్టుకొని లాగాను."

స్టోరుకీపరు జేబులోని ఉత్తరాన్ని పైకి తీసి చూసుకొన్నాడు. "పాపం, ఆ కంపెనీవాణ్ణి ఎన్నెన్ని మాటలు రాశాను" అని నెమ్మదిగా రెండు ముక్కలు చేశాడు.

"ఏ చేత్తో లాగావమ్మా?" అని అడిగింది పెద్ద డాక్టరమ్మ.

"కుడిచేత్తో అండీ."

"ఎంత బలంగా?"

అమ్మాయి కొంచెం ఆలోచించింది. "ఉన్నదంతా పెట్టానండీ."

"ఆ బలం నీ చేతికి గుర్తుండాలి. మరచిపోకు. ప్లాస్టిక్‌ను కుట్టలేం, స్టోరాయన జిగురుతో ఏదో తంటాలు పడతాడులే. ఇటు రా. ఈ పాత బొమ్మకు ఈ ఏడు పొట్టు మార్చాలి, తోలుకు నూనె పట్టించాలి. దీని బాగోగులు ఇక నీవి. అందరూ వింటుండగా చెబుతున్నాను."

ఆమె బొమ్మను తోలుగూటిలో ఉంచి దుప్పటి కప్పింది. అమ్మాయి చేయి దుప్పటి కిందికి పోయింది. వేళ్ళు తలను వెతికాయి, చెవిని దాటాయి, ఒకచోట నిలిచాయి.

"దొరికిందా?"

"దొరికిందండీ. గట్టుగా ఉంది. గరుకుగా ఉంది."

"అది నాది" అన్నది పెద్ద డాక్టరమ్మ. "ఇక భుజం దగ్గరకు వెళ్ళు. మెల్లగా."