గురువారం నవ్వు

గురువారం సాయంత్రం ఏడు దాటేసరికి సూలూరు నూలుమిల్లు కూలీల లైను ఇళ్ళలో వంటలు అయిపోయేవి. ఆడవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని సంఘం గదికి వచ్చేవాళ్ళు. గదిలో టీవీ ఉండేది గానీ ఆరోజు దాన్ని ఎవరూ పెట్టేవాళ్ళు కాదు. వాళ్ళు వచ్చేది కన్నమ్మాళ్‌ను చూడ్డానికి.

కన్నమ్మాళ్‌కు ఏ నవ్వయినా ఒకరోజు ముందే వచ్చేది. రేపు ఆరుంబావుకు నవ్వాల్సింది ఇవాళ ఆరుంబావుకే నవ్వేసేది. ఎందుకో ఆమెకూ తెలియదు. ఒకసారి బియ్యం ఏరుతూ పకపకా నవ్వింది. మరునాడు అదే వేళకు పక్కింటి దురైసామి కొత్త సైకిలుతో సహా ఆమె కళ్ళ ముందే కాలవలో పడ్డాడు. "నిన్ననే ఒక మాట చెప్పుంటే ఏమి పెద్దమ్మా?" అని అతను విసుక్కున్నాడే తప్ప, ఇదేమి వింత అని ఎవరూ అనలేదు.

ఆమె కూతురు సౌందరం అదే మిల్లులో పదకొండేళ్ళు నూలు చుట్టింది. ఆయుధపూజకు మేస్త్రీలను ఎగతాళి చేస్తూ నాటకాలు రాసేది. ఆ నాటకాలే ఆమెను మదరాసు టీవీకి తీసుకుపోయాయి. మూడేళ్ళు ఆమె రాసిన హాస్యానికి వేరేవాళ్ళ పేర్లు పడ్డాయి. నాలుగో ఏట పోట్లాడి శుక్రవారం ఏడున్నర కార్యక్రమాన్ని తన చేతిలోకి తెచ్చుకుంది. రచన, దర్శకత్వం: సౌందరం. ఆ పేరు తెరమీద పడగానే లైను ఇళ్ళు దద్దరిల్లాయి. కన్నమ్మాళ్ మాత్రం చివరిదాకా పెదవి కదపలేదు. ఆమె నవ్వు ముందురోజే అయిపోయింది మరి. గురువారం చాపలు అప్పుడు మొదలయ్యాయి. ఆమె ఎంత నవ్వితే రేపటి భాగం అంత బాగుంటుందని అందరి నమ్మకం.

ఒక వారం సౌందరం తీసిన కథలో, పనివేళ నవ్విందని ఒక మిల్లు కూలిని మేస్త్రీ నిలదీస్తాడు. యంత్రాల హోరు. "తప్పయిపోయింది, మన్నించు అని చెప్పు!" అంటాడు. "ఏమి సామీ?" అంటుంది ఆమె. అతను గొంతు పెంచుతాడు. "ఏమి సామీ?" చివరికి మేస్త్రీ మెడ నరాలు ఉబ్బేలా "తప్పయిపోయింది, మన్నించు!" అని అరుస్తాడు. "సరి పోండి, మన్నించినాను" అని ఆమె పనిలోకి వెళ్ళిపోతుంది.

టీవీ అధికారికి అది నచ్చలేదు. "మిల్లు యజమానులు ఊరుకుంటారా? ఆమె మేస్త్రీ కాళ్ళు పట్టుకున్నట్టు మళ్ళీ తీయండి. లేకపోతే కార్యక్రమమే ఉండదు" అన్నాడు.

సౌందరం తీసింది. అయ్యాక కూలి వేషం వేసిన నటి చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. గురువారం సాయంత్రానికి మొదట తీసినదీ, మార్చినదీ, రెండు టేపులూ సౌందరం బల్ల మీద ఉన్నాయి. ఎనిమిదింబావుకు ఆమె సూలూరు టీకొట్టుకు ఫోను చేసింది. తనతో పాటు నూలు చుట్టిన రాసాత్తి పరిగెత్తుకొచ్చి అందుకుంది.

"అమ్మ నవ్విందా?"

"మొదట్లో కొంచెం నవ్వింది అక్కా. తరవాత ఊరికే కూర్చునింది. ముగిసేటప్పుడు చూడు, అమ్మాడి! చాప మీద పడి పొర్లింది. పక్కనున్న కమలం వీపు నిమిరినా నవ్వు నిలవలే."

"ముగిసేటప్పుడంటే? ఎన్ని గంటలకు?"

"ఎనిమిదికి ఐదు నిమిషాలుండంగా. గడియారం చూసే చెప్తున్నా."

సరిగ్గా మేస్త్రీ సీను వచ్చే వేళ. మిల్లులో ముప్పై ఏళ్ళు మేస్త్రీల తిట్లు తిన్న అమ్మ, ఒక ఆడది వాళ్ళ కాళ్ళు పట్టుకుంటే నవ్వదు. అంటే రేపు వచ్చేది మొదటి టేపు. దాన్ని పంపగలిగేది తను తప్ప ఇంకెవరూ లేరు. సౌందరం ఆ టేపును దగ్గరికి లాక్కుంది.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను. అమ్మకు నీళ్ళు తాపించు."

మరునాడు ప్రసారం గదిలో మనిషి టేపు తిప్పి చూసి, "మార్చినది ఇదేనా?" అన్నాడు.

"నా కార్యక్రమం ఇదే" అంది సౌందరం.

ఆ సాయంత్రం సంఘం గదిలో నవ్వనివాళ్ళు లేరు, కన్నమ్మాళ్ తప్ప. ఆమె తెర వంకే చూస్తూ కూర్చుంది. "సరి పోండి, మన్నించినాను" అన్న మాటకు గది ఊగిపోతుంటే, కొంగుతో మొహం తుడుచుకుని, "నా బిడ్డ" అంది.

సోమవారం అధికారి సౌందరం ముందు తెల్ల కాగితం పెట్టాడు. "తప్పు ఒప్పుకుంటూ రాసివ్వండి. ఇంతటితో వదిలేస్తాను."

"రాయను సార్."

"ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు పోతుందమ్మా."

"పేరు నాది సార్. నేను పోతే అదీ నాతోనే వస్తుంది."

ఉద్యోగం వదిలి ఊరికి వెళ్తుంటే, రైలు ఈరోడ్ స్టేషను దాటేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. ఆ తరవాత మొహం కడుక్కుని, పెట్టె మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

రెండు నెలలకు తుడియలూరులో పంపుల వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు తీసుకుంది. వీడియో కెమెరా అద్దెకు తెచ్చింది. తీసిన క్యాసెట్లు మిల్లు లైన్లలో వేసి చూపించాలని ఆమె ఆలోచన. మొదటిరోజు రాసాత్తి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు షిఫ్టు దిగి, తలలో పత్తితోనే వచ్చారు. లైట్లు వెలిగేసరికి రాసాత్తి బిక్కచచ్చిపోయింది.

"అక్కా, తమిళ్‌లో చెప్పాలా, మన ఇంటి తెలుగులోనా?"

"మేస్త్రీ అటు తిరిగినాక ఎట్ల తిట్టుకుంటామో, అట్లనే చెప్పు." సౌందరం కెమెరా వెనక్కి పోయి నిలబడింది. "కాకపోతే ఈసారి గట్టిగా."