ఆఫీసు ఖర్చు సున్నా

"ఇంకో రెండు టీలు," అన్నారు మా ఆయన, వెనక్కి తిరిగి చూడకుండానే. నేను అప్పుడే దాతలందరి రసీదులూ కవర్లలో పెట్టి అంటించి, వేళ్లకంటిన జిగురు కడుక్కుంటున్నాను.

మా ఇంట్లో ట్రస్టు ఉంది. నిజం చెప్పాలంటే ట్రస్టులోనే మా ఇల్లుంది. అన్నం తినే బల్లే ఆఫీసు. చదువు ఆగిపోయిన పిల్లలకి ఫీజులు కడతాం. ఆ పిల్లల ఇళ్లకి వెళ్లి కనుక్కొచ్చేది నేను, లెక్కలు రాసేది నేను, చందాలిచ్చినవాళ్లకి ఫోన్ చేసి "ట్రస్టు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామండీ" అనేదీ నేనే. ఫోన్‌లో దాతలు నన్ను మేడమ్ అంటారు. ఇంటికొస్తే మంచినీళ్లడుగుతారు. వేదిక మీద మాత్రం మా ఆయన ఒక్కరే: "మా ఆఫీసు ఖర్చు సున్నా. మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే!" చప్పట్లే చప్పట్లు. ఆ సున్నాలో ఒక మనిషి ఉందని ఎవరికీ తోచదు.

మొన్నామధ్య నడుం పట్టేసి మంచం దిగలేకపోయాను. జీతమిచ్చి ఎవరినైనా పెట్టుకుందామన్నాను. "ఒక్క జీతం చూపించామంటే, ట్రస్టులకి మార్కులేసే సంస్థ దగ్గర మన రేటింగ్ పడిపోతుంది. రేటింగ్ పడితే దాతలు మొహం చాటేస్తారు. అయినా నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా?" అన్నారు. అత్తయ్య అందుకున్నారు: "సేవకి జీతమేంటమ్మా? పుణ్యం." ఆ పుణ్యమంతా ఆవిడ కొడుక్కే శాలువాలుగా వస్తోంది. ఒళ్లు మండిపోయింది. నడుముకి తుండు బిగించి కట్టుకుని మళ్లీ ఆ బల్ల ముందే కూర్చున్నాను.

ఇవాళ వచ్చినావిడ ఆ రేటింగ్ ఇచ్చే సంస్థ మనిషి. నా వయసే ఉంటుంది. కాగితాలన్నీ తిరగేసి కళ్లజోడు తీసింది.

"అన్నీ ఇంత శుభ్రంగా ఉన్నాయి. ఉద్యోగులెవరూ లేరంటున్నారు. మరి ఈ పనంతా ఎవరు చేస్తారండీ?"

ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. మా ఆయన నోటితో చెప్పకపోయినా, నా వైపు ఒకసారి చెయ్యి చూపిస్తే చాలనుకున్నాను. నా ఆశకి సిగ్గు లేదు.

ఆయన రెండు చేతులూ పైకెత్తి నవ్వారు.

"అంతా ఆ దేవుడే చూసుకుంటాడండీ!"

ట్రే బల్ల మీద పెట్టి, ఆవిడకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ చూసుకునే దేవుణ్ణి నేనేనండీ," అన్నాను. "జీతం లేకపోతే రేపటి నుంచి పనిలోకి రాను. ఆ సంగతి కూడా చూసుకుని రేటింగ్ వెయ్యండి."