గేదె పడుకున్న సందు

నేను ఒక పుస్తకాన్ని. పుస్తకం అన్నాను కదా అని ఏదైనా చదివి పెట్టమనేరు, నాకు అక్షరం ముక్క రాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికినా నాలో ఒక్క ‘అ’ కనబడదు. అన్నీ బొమ్మలే. జ్ఞాపకం మాత్రం ఉంది నాయనా, కావలసినంత ఉంది. ఎటొచ్చీ నాకు గుర్తున్నదీ బయట ఉన్నదీ ఎప్పుడూ ఒకటి కాలేదు. ఎందుకు కాలేదో నాకిప్పటికీ బోధపడలేదు. వింటే మీకైనా బోధపడుతుందేమో.

నేను పుట్టింది రాజమండ్రిలో ఒక బైండింగు కొట్లో. మందపాటి తెల్ల కాగితాలు మడిచి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టి, వీపుకి మైదా జిగురు రాసి నీలం అట్ట వేశారు. జిగురు ఆరీ ఆరకముందే బొద్దింక ఒకటి వచ్చి నా మూల కొరికి పోయింది. ఆడపిల్లకి చెవులు కుట్టించినట్టు పుస్తకాలకి ఇలా చేస్తారు కాబోలు అనుకున్నాను. అప్పటినుంచీ నాకు అన్నీ ఇలాంటి అనుకోవడాలే.

కాకినాడలో ఒక కొట్టు నుంచి జాహ్నవి అనే చిన్నపిల్ల నన్ను బడికోసం కొనుక్కుంది. మొదటి పేజీలో రెండు కొండలు వేసింది. కొండల నడుమ సగం సూర్యుడు, కిందికి జారే ఏరు, పక్కన పాక, పాక మీదికి వాలిన కొబ్బరిచెట్టు. ఎంత ముచ్చటైన ఊరో! నన్ను అక్కడికే తీసుకెళతారని ఎదురుచూశాను. ఈలోగా బడిలో డ్రాయింగు పీరియడు తీసేసి దాని బదులు ఇంకో లెక్కల పీరియడు పెట్టారట. పిల్ల నన్ను పాత పేపర్ల కట్టలో పడేసింది. కొండలు కొండల్లాగే ఉండిపోయాయి.

పేపర్లబ్బాయి తూకం వేస్తుంటే కట్టలోంచి నన్ను లాగింది జాహ్నవి నాయనమ్మ నూకరత్నం. ఆవిడకీ నాకూ చదువులో సరిసమానం. పెనిమిటి బతికున్నన్నాళ్ళూ బస్సు బోర్డులు ఆయన చదివేవాడు, ఈవిడ వెనకాల నడిచేది. ఆయన వీపే ఆవిడకి తెలిసిన దారి. ఆయన పోయాక కొన్నాళ్ళు గడపలో కూర్చుంది. తర్వాత ఒకరోజు, “ఎంతకని కూకుంటాం, కాళ్ళున్నాయి కదా,” అని గట్టిగానే అనుకుని నన్ను సంచిలో వేసుకుని బయలుదేరింది.

వాకిట్లో ముగ్గు వేసి వేసి తీరిన చెయ్యి అది. ముందు చుక్కలు పెట్టేది. మొదటి చుక్క మన గుమ్మం, తర్వాతది కూరగాయల బజారు, ఆ తర్వాతది కంటి డాక్టరు. చుక్కల్ని గీతతో కలిపితే అదే దారి. ఒక్కో చుక్క దగ్గర ఏముందో పక్క పేజీలో బొమ్మ వేసేది. కొడుకు బాల్‌పెన్నుతో గీత, కుంకుమతో ఎరుపు, పసుపుతో పసుపు, చిక్కుడాకు నలిపి రాసి పచ్చ. ఒకసారి వేసుకున్న దారిని రెండోసారి నన్ను చూసుకుంటూ వెళ్ళేది. ఎంత తెలివి! నేను పొంగిపోయాను.

కానీ ఆవిడకి మేడలు కంటికి ఆనేవి కావు. ‘గోడలన్నీ ఒకలాగే ఏడుస్తాయి’ అనేది. ఏది కదులుతుందో, ఏది మెరుస్తుందో దాన్నే వేసేది. కంటి డాక్టరు సందుకి గుర్తుగా పెళ్ళి పందిరి వేసింది. పదిరోజుల తర్వాత మందు తెచ్చుకుందామని వెళితే పందిరి లేదు. నేను తెల్లబోయాను. నాలో ఉంది కదా, అక్కడెందుకు లేదు? ఆవిడ మాత్రం కంగారు పడకుండా పందిరిని వెతుక్కుంటూ వీధులన్నీ తిరిగి, ఎక్కడో ఒక పందిరి పట్టుకుంది. అది వేరే వాళ్ళ పెళ్ళి. కూర్చోబెట్టి పూర్ణంబూరెలతో భోజనం పెట్టారు. కంటి మందు లేకుండా, నిండు కడుపుతో, ఊరికి ఆ చివర కూర్చున్న తల్లిని కొడుకు వీర్రాజు మోటారుసైకిలు మీద వెతికి తెచ్చుకున్నాడు.

“ఇంకోసారి తప్పిపోయావో, ఒంటరిగా గడప దాటేది లేదమ్మా. ఆ పుస్తకం పొయ్యిలో పెడతాను,” అన్నాడు.

“మీ ఇంట్లో గ్యాసు కదరా, పొయ్యెక్కడుంది?” అంది ఆవిడ. నవ్విందే గానీ, ఆ రాత్రి నన్ను తలగడ కింద పెట్టుకుంది.

అలా ఉండగా ఆవిడ చెల్లెలు పేరంటాలు జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. రాజమండ్రి శివార్లలో కొత్తగా కట్టిన కాలనీలో ఉంటోంది. ఒకనాటి పొద్దున్నే వీర్రాజు తల్లిని తీసుకెళ్ళి చూపించాడు. ఇళ్ళన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. నూకరత్నం అరుగు మీద కూర్చుని దారి వేసుకుంది. మొదటి చుక్క దగ్గర ఆగి ఉన్న లారీ, రెండో దగ్గర సందు మొగలో పడుకున్న గేదె, మూడోది చెల్లెలి ఇల్లు. ఇంటికి గుర్తుగా డాబా మీద ఆరేసిన ఎర్రచీర. చీరకి కుంకుమ దిట్టంగా అద్దింది. మంచంలో ఉన్న పేరంటాలు పుస్తకం లాక్కుని చూసి, “ఏటే అప్పా, చీరేశావ్? సాయంత్రానికి తీసేత్తాం కదా!” అని పగలబడి నవ్వింది.

నెల తిరక్కుండా నూకరత్నం ఒంటరిగా వెళతానంది. వీర్రాజుకి సెలవు లేదు. బస్సెక్కిస్తూ చెప్పాడు: “తప్పిపోతే ఫోన్ చెయ్యి, వచ్చేస్తాను. కానీ చేశావంటే అదే ఆఖరు ప్రయాణం.”

కాలనీ మొదట్లో బస్సు దిగేసరికి మధ్యాహ్నమైంది. నన్ను తెరిచింది. లారీ లేదు. ముందుకి నడిచింది. గేదె లేదు. ఏ సందు చూసినా ఒకటే సందు. తప్పు నాదా, ఊరిదా? నేను చూసింది చూసినట్టు దాచుకున్నాను. ఊరే మాట తప్పినట్టుంది. చెల్లెలికి ఫోన్ చేద్దామంటే ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకు పనికి పట్టుకుపోతాడు. పేరంటాలిల్లు ఎక్కడని అడిగితే, నాలుగూళ్ళ వాళ్ళు వచ్చి చేరిన కాలనీ, ఎవరికీ తెలియదు. నూకరత్నం ఒక గట్టు మీద కూర్చుని రొంటిన ఉన్న ఫోను తీసింది. చూసింది. మళ్ళీ దోపుకుంది. ఆవిడ చేతి చెమట నా అట్టకి తగిలింది.

ఎదురింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న మనిషి లేచి వచ్చి, వంగి నాలోకి చూసింది.

“ఓలమ్మో! ఇది మా ఆయన లారీ కదండీ!”

“మీదా అమ్మా?”

“ఆ నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది నేనేనండీ. ఆ నల్ల జడకుచ్చు కూడా నాదే! ఇదిగో, ఈ ఏపచెట్టు కిందే పెట్టేవోడు. వానకి టైర్లు దిగబడతన్నాయని ఇప్పుడు రోడ్డు మీద వదిలేత్తన్నాడు. ఏవండోయ్, ఇలా రండి, మన బండి పుస్తకంలో పడింది!”

ఇంట్లోంచి మొగుడు, పక్కింట్లోంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పేజీ తిప్పితే గేదె. వాళ్ళలో ఒకావిడ గుర్తుపట్టి, పాక దగ్గర బీడీ కాలుస్తున్న ముసలాయన దగ్గరికి అందరినీ నడిపించింది. ఆయన నన్ను కళ్ళ దగ్గరికంటా పెట్టుకుని చూశాడు.

“మా గౌరే! కొమ్ము వంకర కూడా దింపేశావే తల్లీ. కానీ కాస్త బక్కగా ఏశావు. పూటకి నాలుగు లీటర్లిత్తాది, ఇలాగుంటాదా?”

“పడుకుని ఉంది కదా బాబూ, పొట్ట కనపళ్ళేదు. ఏదండీ అది?”

“ఈ టయానికి చెరువులో ఉంటాది. పొద్దున్నైతే అదిగో, ఆ మూడో సందు మొగన పడుకుంటాది. ఎవరు లేపినా లేవదు.”

నాకు మళ్ళీ అయోమయం. ఇంతవరకూ గేదె ఎక్కడుంటే సందు అక్కడుంటుందనుకున్నాను. సందు ఉన్నచోటే ఉంటుందట, గేదే పోతుందట. మరి ఇళ్ళు ఎవరివో తెలియని ఆ జనానికి, లేని గేదె ఎక్కడ పడుకునేదో ఎలా తెలిసిందో!

ముసలాయన ముందు, మేం వెనక, మూడో సందులోకి వెళ్ళాం. నూకరత్నం ఆ దారి చివరి బొమ్మ తెరిచింది. ఎర్రచీర. అంతా తలెత్తి చూశారు. డాబాల మీద లుంగీలున్నాయి, దుప్పట్లున్నాయి. ఎర్రచీర లేదు.

“చీర ఇన్నాళ్ళుంటాదా అమ్మా ఎక్కడైనా?” అంది లారీ ఆవిడ జాలిగా. “ఇంటికి ఫోన్ చెయ్యండి, వచ్చి తీసుకెళతారు.”

నూకరత్నం చెయ్యి రొంటి దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. సందు చివర డాబా మీద ఏదో వేలాడుతోంది. ఎరుపు కాదు. గులాబీ కూడా కాదు. ఎండకి వెలిసి, వానకి నాని, మళ్ళీ వెలిసి, చివర పీలికలైన గుడ్డ. నాలోనూ కుంకుమ సగం ఎదుటి పేజీకి అంటుకుపోయి, మిగిలిన రంగు సరిగ్గా అలాగే ఉంది.

కిటికీలోంచి కేక వినబడింది: “ఇదా రావడం? ఏదో ఒకనాటికి వత్తావని తెలుసు గానీ, ఎప్పుడొత్తావో చెప్పి చావొద్దా!”

లోపల మంచంలో పేరంటాలు. పక్కన కోడలు విసుక్కుంటోంది. “తియ్యనిత్తేనా అండీ! వానొచ్చినా తియ్యొద్దు, గాలొచ్చినా తియ్యొద్దు. మా అప్పకి అదే అడ్రసు అంటారు. పట్టుచీరండీ బాబూ, పెళ్ళినాటిది!”

నూకరత్నం చెల్లెలి కట్టు కట్టిన కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడే వీర్రాజు ఫోను. “ఎక్కడున్నావమ్మా? తప్పిపోలేదు కదా?”

“తప్పిపోవడమేంట్రా? మీ పిన్నింట్లో కాఫీ తాగుతున్నాను. నువ్వూ తాగు.”

అంత పెద్ద ఊళ్ళో, నాలో ఉన్నట్టే నిలబడి ఉన్నది ఆ చీర ఒక్కటే. ఎలా నిలబడిందో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

ఇప్పుడు నాలో ఖాళీ లేదు. గౌరిని రెండోసారి, కాస్త ఒళ్ళు చేసినట్టు, అట్ట లోపలి వైపు వేయించుకున్నాడు ముసలాయన. కాలు బాగయ్యాక పేరంటాలు నన్ను ఒళ్ళో పెట్టుకుని వెనక నుంచి ముందుకి తిరగేసింది. చదువు రానివాళ్ళకి మొదలేంటి, చివరేంటి? ఆఖరున రెండు కొండల దగ్గర ఆగింది.

“ఇది ఏ ఊరే అప్పా? నన్ను తీసుకెళ్ళలేదే?”

“ఊరూ లేదు, ఏమీ లేదు. మా జాహ్నవి చిన్నప్పుడేసింది.”

“లేకపోతే ఎలా ఏసింది? ఏరుంది, పాకుంది. నీ గేదె మాత్రం అక్కడుందా ఏంటి, నువ్వు రాలేదా?”

నూకరత్నం లేచి సంచి అందుకుంది. నేనైతే ఎప్పుడో ఒప్పుకున్నాను.

ప్రస్తుతం బస్సులో ఉన్నాను. ఎటు వెళుతోందో తెలియదు. పేరంటాలు నన్ను తెరిచి కండక్టరు ముఖం ముందు పెట్టింది. “ఇక్కడికి రెండు కొట్టు నాయనా.”

కండక్టరు చూశాడు. తల గోక్కున్నాడు. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుని, వెనక సీట్ల వైపు తిరిగి గట్టిగా అడుగుతున్నాడు: “ఏవండీ, ఈ కొండలు ఎవరికైనా తెలుసా?”