మంగళం

ఢిల్లీలోని సరోజినీ నగర్ తెలుగు సంఘం నాటకానికి వెంకటసుబ్బయ్యగారు ఒక పాత విషాద ప్రేమకథను ఎన్నుకుని, ప్రేమికులిద్దరినీ ఇప్పటి మునిర్కా అద్దెగదుల్లోకి తెచ్చారు. చివర ఇద్దరూ చనిపోతారు. సంఘం ఆనవాయితీ ప్రకారం చచ్చిన పాత్రలు కూడా లేచి, అందరితో కలిసి మంగళం పాడాలి.

"ఈసారి మీరిద్దరూ లేవొద్దమ్మా," అన్నారాయన, నాయిక వేషం వేస్తున్న ప్రవల్లికతో.

"అచ్ఛా! మంగళం ఎగ్గొడితే ప్రెసిడెంట్ అంకుల్ మనకే మంగళం పాడేస్తారు, చూసుకోండి!" అని నవ్విందా పిల్ల.

ఆయన నవ్వలేదు. నిరుడు భార్య సుభద్ర పోయింది. పూజ తప్పని మనిషే అయినా, పోయినవాళ్లు లేచి పాడటం దేవుడి ఎదుట అబద్ధమాడటం కాదా అని ఆయన సందేహం.

నాటకం రోజున జంట లేవలేదు. జనం మాత్రం లేచి నిలబడి, మంగళం కోసం చూస్తూ ఒక్కరూ కదల్లేదు. వాళ్లను అలా పంపడానికి ఆయనకూ మనసొప్పలేదు. ఒక్కరే రంగం మీదికి వచ్చి, పడి ఉన్న ఇద్దరి పక్కన నిలబడి మంగళం ఎత్తుకున్నారు. మొదటి చరణం కాగానే అలవాటుగా ఆగారు. రెండోది ఎప్పుడూ సుభద్ర అందుకునేది.

కాసేపటికి అదీ తనే పాడారు.